గంట దూరం

దూరాన్ని కోసుల్లోనూ మైళ్లలోనూ చెప్పే రోజులు పోయాయి. "మీ అబ్బాయి వుండేది ఎంత దూరమండీ?" అని అడిగి చూడండి. "ఎంత, విమానంలో గంట!" అంటారు.

హైదరాబాదు, బెజవాడ సంగతే తీసుకుందాం. శంషాబాదు నించి గన్నవరానికి ఆకాశంలో తిన్నగా గీత గీస్తే 260 కిలోమీటర్ల పైచిలుకు. గంటకి 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానానికి అది అరగంట పని. మరి టైంటేబిల్లో గంటని ఎందుకు వేస్తారూ అంటే, వాళ్ల లెక్క గాల్లోకి లేచినప్పుడు మొదలవదు. విమానం నిలబడ్డచోటు నించి కదిలిన క్షణాన మొదలై, అవతలి వూళ్లో దాని చోట్లో అది ఆగేదాకా సాగుతుంది. రన్‌వే దాకా పాకటం, తన వంతుకోసం కాచుకోవటం, ఎక్కటం, దిగటం అన్నీ అందులోవే. అంటే అది విమానం గంట. మనిషి గంట కాదు.

మనిషి లెక్క వేరు. కూకట్‌పల్లిలో ఇంటికి తాళం వేసి శంషాబాదు చేరటానికి గంటంబావు. రెండు గంటల ముందే రమ్మంటారు గనక అక్కడ రెండు గంటల పడిగాపులు. విమానంలో గంట. గన్నవరంలో పెట్టె చేతికొచ్చి బెంజిసర్కిల్ చేరేసరికి ఇంకో గంట. వెరసి అయిదుంబావు! రోడ్డుమీద 275 కిలోమీటర్లు కార్లో వచ్చినా ఇంచుమించు అంతే. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ రైలయితే, సికింద్రాబాదులో ఎక్కినవాళ్లని సుమారు నాలుగు గంటల్లో బెజవాడలో దింపుతుంది. 2008 మార్చిలో శంషాబాదు తెరవకముందు బేగంపేటలో, వూరి నడుమే విమానం ఎక్కేవాళ్లు. ఆకాశంలో దూరం అలాగే వుంది. నేలమీదే పెరిగింది.

ఇంత లెక్కా మా పక్కింటి పిన్నిగారి మూలాన వేశాను. కిందటేడు ఆవిడ స్నానాలగదిలో జారిపడ్డారు. హైదరాబాదు నించి కొడుకు, "గంటలో వచ్చి వాలతానమ్మా" అన్నాడు ఫోనులో. పాపం, వెంటనే బయల్దేరాడు. చేరేసరికి ఆరుగంటలయింది. కాలికి కట్టుకట్టించి మేం పడుకోబెడితే ఆవిడ కన్ను గడియారం మీదే. "గంటన్నాడే అమ్మాయ్, దారిలో ఏమయిందో!" కాలినెప్పి మర్చిపోయి కొడుకు కోసం హడలిపోయారు.

మామూలు రోజుల్లోనూ ఈ గంట ఆవిడకి కలిసిరాలేదు. పండక్కి రమ్మంటే, "గంటేగా, ఎప్పుడైనా వస్తా" అంటాడట. రాత్రంతా రైల్లో కూచుని వచ్చే రోజుల్లో, పడ్డ శ్రమకైనా నాలుగు రోజులుండేవాడు. ఇప్పుడు వస్తూనే తిరుగు టిక్కెట్టు చూపిస్తాడు.

అందుకని పిల్లలకి నాదో మనవి. అమ్మతో గంటలో వస్తానని చెప్పకండి. "పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి వస్తా, రెండ్రోజులుంటా" అనండి. ఆవిడ ఎన్ని గిద్దెల బియ్యం పొయ్యాలో చూసుకుంటుంది.