మారుతి 800, మా నాన్న, నేను

మా నాన్న 1996లో కొన్న మారుతి 800 నాకంటే ఏడాది పెద్దది. దాన్ని మళ్ళీ రోడ్డెక్కిద్దామని ఆరు నెలలుగా కుస్తీ పడుతున్నా. మ్యాట్ ఎత్తితే తుప్పు పట్టిన ఫ్లోర్లోంచి నేల కనబడింది! వెల్డింగుకే పద్దెనిమిది వేలు (దాంతో ఇంకో పాత బండే వచ్చేదని మా ఆవిడ లెక్క).

అదొక ఎత్తు, ఐడ్లింగ్ ఒక ఎత్తు. ప్లగ్గులు మార్చా, కార్బురేటర్ విప్పి కడిగా, అయినా సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోయేది. లాప్‌టాప్ తగిలించి ఎర్రర్ కోడ్ చూద్దామంటే ఈ కాలపు బండి కాదాయె.

చూపు తగ్గి డ్రైవింగ్ మానేసిన నాన్న, అమ్మేయమని రోజూ పోరే మనిషి, మొన్న ఆదివారం బానెట్ దగ్గరికొచ్చి "ఎక్కడో గాలి లాగుతోందిరా, బుస్సుమంటోంది, వినబడట్లా?" అన్నారు. నిజమే, వాక్యూమ్ పైపు చీలింది. ముప్ఫై రూపాయల పైపుతో ఇంజిన్ కుదురుకుంది.

ఆయన తడుముకుంటూ వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఎటు పోదాం నాన్నా అంటే, "పెట్రోల్ దండగ, ఆపేయ్" అన్నారు.

దిగలేదు మాత్రం.