అమ్మాయి ఎర్ర కోటు

ఆస్ట్రేలియా ప్రయాణం ఖాయమైందని తెలిసిన రోజు నుంచే మా ఇంట్లో ఫోను మోగడం మొదలైంది. ఆడపడుచుకి చాక్లెట్లు, తోడికోడలికి హ్యాండ్‌బ్యాగు, పక్కింటావిడ మనవడికి కంగారూ బొమ్మ... జాబితా రెండు పేజీలు దాటింది. 2023 జూన్‌లో మావారూ నేనూ మెల్‌బోర్న్‌లో దిగాం. మనకి ఎండలు పోయి వానలు మొదలయ్యే వేళకి వాళ్లకి చలికాలం. పళ్లు టకటకలాడే చలి!

మొదటి వారం నేనేమీ కొనలేకపోయాను. కనిపించిన ప్రతి ధరనీ యాభై అయిదుతో గుణించడంతోనే సరిపోయింది. కొత్తిమీర కట్ట మూడు డాలర్లంటే నూట అరవై అయిదు రూపాయలు. చేతిలోది మళ్లీ అక్కడే పెట్టేశాను. ‘అమ్మా, అలా లెక్కలు కడితే ఇక్కడ మంచినీళ్లు కూడా తాగలేవు’ అని మా అమ్మాయి విసుక్కుంది.

క్వీన్ విక్టోరియా మార్కెట్‌కి వెళ్లాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు. 1878లో మొదలైన మార్కెట్ అది. పొడవాటి షెడ్లు, వాటికింద కూరగాయలు, పళ్లు, చేపలు, ఇంకోవైపు టోపీలు, గొర్రె ఉన్ని చెప్పులు. అచ్చం మన రైతుబజారే. కట్టేసే వేళకి మిగిలిన పళ్లని కేకలేసి చవగ్గా అమ్మేస్తారు. ఆ కేకలు అర్థం కావడానికి ఇంగ్లిషు రానక్కర్లేదు. సోమ, బుధవారాల్లో పగలు మార్కెట్ ఉండదు. ఆ సంగతి తెలియక మావారు ఓ బుధవారం సంచీ పట్టుకుని వెళ్లి ఖాళీగా తిరిగొచ్చారు. 1950 నుంచీ అక్కడే ఉన్న డోనట్ల బండి మీద జామ్ పెట్టిన వేడివేడి డోనట్ మాత్రం తినకుండా రాకండి. షుగరున్న మావారే రెండు తిన్నారు.

నగరం నడిబొడ్డున ట్రామ్ ఎక్కితే టికెట్ అక్కర్లేదు. 2015 నుంచీ ఉచితం. అలా ట్రామ్ ఎక్కి దిగుతూ 1870 నాటి రాయల్ ఆర్కేడ్ చూశాం. గంట కొట్టే రెండు పెద్ద విగ్రహాల్ని చూడ్డానికైతే వెళ్లొచ్చు. కొనడానికి మాత్రం నా గుండె చాల్లేదు. చీరలూ నగలూ ఉండే డాండెనాంగ్ లిటిల్ ఇండియాకి మనం ఇక్కణ్నుంచి వెళ్లి కొనేదేముంది?

పక్కింటి పిల్లాడికి బూమరాంగ్ కూడా కొందామని ఒక షాపులో తీసి చూస్తే, వెనక స్టిక్కరు మీద వేరే దేశం పేరుంది. ఇలాంటివాటిని ఆదివాసుల చేతిపని అనిపించేలా అమ్మినందుకు 2019లో ఒక వ్యాపార సంస్థకి అక్కడి ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసిందట. చేసిన కళాకారుడి పేరు రాసి ఉందో లేదో చూసి కొనండి. ఫెడరేషన్ స్క్వేర్‌లో కూరీ హెరిటేజ్ ట్రస్ట్ వాళ్ల దుకాణం ఉంది. అక్కడ కొంటే నమ్మకం.

తిరుగు ప్రయాణానికి వారం ముందు అమ్మాయి మమ్మల్ని 19వ నంబరు ట్రామ్ ఎక్కించింది. మార్కెట్ దాటాక ఉచితం ఉండదు, కార్డు ఉండాలి. బ్రన్స్‌విక్‌లో సిడ్నీ రోడ్డు మీద దింపి, ఓ పాత దుకాణంలోకి తీసుకెళ్లింది. ‘ఆప్ షాపు’ అంటారట. జనం తమకి అక్కర్లేని సామాన్లు ఇచ్చేస్తే, సేవాసంస్థలు వాటిని చవగ్గా అమ్మి ఆ డబ్బు పేదల కోసం ఖర్చుపెడతాయి.

‘ఎవరో కట్టి విడిచిన బట్టలు మనకెందుకే?’ అన్నాను గుమ్మంలోనే ఆగిపోయి.

‘నా ఎర్ర కోటు ఇక్కడిదే అమ్మా’ అంది.

2013లో తను చదువుకి వచ్చిన కొత్తలో ఆ కోటు వేసుకుని ఫొటో పంపింది. కోటు కోసమే మావారు విడిగా పదిహేను వేలు పంపారు, బ్యాంకు లోను ఉండగానే. ఆ ఫొటోని వీధిలో చూపించని మనిషి లేడు. ‘ఆస్ట్రేలియా కోటండీ’ అని.

‘ఎనిమిది డాలర్లు నాన్నా. మిగతాది ఆ నెల అద్దెకి కట్టేశాను. కంచాలూ, గిన్నెలూ, దుప్పట్లూ అన్నీ ఇక్కడివే. చెబితే మీరు మళ్లీ అప్పు చేస్తారని చెప్పలేదు.’

మావారు ఏమీ అనలేదు. మఫ్లర్లున్న బుట్ట దగ్గరికెళ్లి చాలాసేపు వెతికారు. బూడిదరంగుదొకటి తీసి మెడకి చుట్టుకున్నారు. మూడు డాలర్లది. అయిదు డాలర్ల నోటిచ్చి, చిల్లర కోసం ఆగకుండా బయటికొచ్చేశారు. ఇంటికెళ్లేదాకా ట్రామ్ కిటికీలోంచే చూస్తూ కూర్చున్నారు.

వచ్చేముందు రెండు ఉన్ని రగ్గులు 330 డాలర్లకి కొన్నాం. ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లకి తగ్గకుండా కొని, అరవై రోజుల్లోగా దేశం వదిలితే విమానాశ్రయంలో పన్ను వెనక్కిస్తారు. బిల్లు దాచుకోవాలి, సరుకు చేతిసామానులో ఉండాలి. మాకు ముప్ఫై డాలర్లు వచ్చాయి.

పెట్టెలు సర్దేటప్పుడు ఎర్ర కోటు నాకిమ్మన్నాను. ‘విజయవాడ ఎండల్లో కోటేంటమ్మా’ అని నవ్వింది గానీ తీసిచ్చింది. దాని బరువుకి కాటా ముల్లు గీత దాటిపోయింది. ఏదో ఒకటి తీయక తప్పలేదు. చాక్లెట్లు తీసేశాను. మా ఆడపడుచు ఇప్పటికీ అడుగుతూనే ఉంది.