కొత్త కాయ

ఈ సంచికకు ఏదైనా రాసిమ్మని మా యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, కిరణజన్య సంయోగక్రియ గురించో, కాంతి వేగం గురించో రాద్దామనుకున్నాను. బి.ఎస్సీ. మూడో సంవత్సరం కుర్రవాడు రాయవలసినవి అవే కదా! తీరా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆ పూట మెస్సులో వడ్డించిన సొరకాయ కూర మహిమో ఏమో, మా ఊరి తునికిపళ్ళు తప్ప మరొకటి మనసుకు రాలేదు. కనుక తిండి గురించే రాస్తున్నాను. అధ్యాపకులు క్షమింతురు గాక!

మాది పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారికి లోపలగా ఉన్న పల్లె. ఊరికి ఒక పక్క వరి, మిర్చి, పత్తి చేలు. రెండో పక్క చేను గట్టు దిగితే అడవే. టేకు, మద్ది, ఇప్ప, తునికి. గోదావరి అవతలి భద్రాచలం ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో మా అందరిదీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. "జిల్లాలు తిరుగుతానే ఉన్నయి గాని మన గట్టు మీద మామిడిచెట్టు మాత్రం ఉన్నకాడనే ఉన్నదిరా" అనేవాడు మా తాత.

మా ఇంట్లో గోడకు క్యాలెండరు లేకపోలేదు. అది పాల లెక్క రాసుకోవటానికి. నెలలు మాకు తెలిసేది తిండిని బట్టే. తొలకరి వానలు పడి ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు. ఆ వెనకే నేరేడుపళ్ళు, వెదురు కొమ్ములు. వానలు ముదిరాక మొక్కజొన్న కంకులు. దసరా దాటితే సీతాఫలాలు, కార్తీకంలో ఉసిరికాయలు, చలి ముదిరితే తేగలు, రేగుపళ్ళు. సంక్రాంతి వెళ్ళి మిరపకోతలు మొదలైతే ఇంట్లో ఎవరికీ తిండి ధ్యాస ఉండదు. కళ్ళంలో కాయ ఎండి, బస్తాలకెక్కి, ఖమ్మం మార్కెట్టుకు పోయి, ధర ఎంత పలికిందో తెలిసేదాకా నాన్న సరిగా మాట్లాడడు కూడాను. ఆ ధర తెలిసిన రాత్రి మా ఇంట్లో కోడి కోశారంటే సంవత్సరం బాగున్నట్టు, పచ్చిపులుసు కాచారంటే బాగాలేనట్టు. మేం పిల్లలం మిర్చి ధరవరలు కంచంలోనే చూసుకునేవాళ్ళం.

ఇక ఫాల్గుణం, చైత్రం వచ్చాయంటే అడవి పండుగే. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. సూర్యుడు పైకి రాకముందే బుట్టలు తీసుకుని వెళ్ళాలి. గుప్పెడు ఏరటం, రెండు నోట్లో వేసుకోవటం! ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలేనని నేను కాలేజీకి వచ్చాక చదువుకున్నాను. మా గూడెం పిల్లలు ఆ సంగతి నాలుకతోనే కనిపెట్టారు. తునికాకు కోసే రోజుల్లోనే తునికిపళ్ళు, మొర్రిపళ్ళు కూడా వస్తాయి. తునికిపండును మా పుస్తకం డయోస్పైరాస్ మెలనోజైలాన్ అంటుంది. అంత పేరు పలికేలోగా మావాళ్ళు నాలుగు పళ్ళు తిని గింజలు ఊసేస్తారు.

ఆ మొర్రిపళ్ళ దగ్గరే నేనొక తప్పు చేశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా చేలో పనికి వచ్చే కోయ కుటుంబంలోని ముసలాయనను మేం కూడా తాతా అనే పిలిచేవాళ్ళం. వాళ్ళ మనవడూ నేనూ కలిసి, ఇంకా పచ్చిగా ఉన్న మొర్రికాయలు కొమ్మ విరిచి మరీ దూసుకొచ్చాం. పుల్లగా, వగరుగా ఉన్నాయి. సగం తిని సగం పారేశాం. ముసలాయన చూశాడు. మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. పారేసిన కాయలన్నీ ఒక్కొక్కటే ఏరించాడు. ఏరుతుంటే అన్నాడు: "కొత్త కాయ పండుగ చేసినంకనే నోట్లె పెట్టాలె. ముందే తింటే అడవి అలుగుతది."

కోయవారికి ఏ కొత్త పంటైనా అంతే. ముందు దేవతకూ, పోయిన పెద్దలకూ పెట్టాలి. పండుగను వాళ్ళు పండుం అంటారు. ఆ పండుం అయ్యేదాకా మామిడికాయ కళ్ళముందు వేలాడుతున్నా ముట్టరు. అడవి అలగటమేమిటని ఆనాడు నేను ఇంటికొచ్చి నవ్వాను. మొన్న బోటనీ తరగతిలో ఆ నవ్వు నాకే తగిలింది. మొర్రిచెట్టు, అంటే బుకనానియా లాంజాన్, గింజలోనిదే సారపప్పు. మిఠాయిల్లో వేస్తారు కనుక దానికి మంచి గిరాకీ. ఒకరు కోయకపోతే ఇంకొకరు కోస్తారనే భయంతో జనం కాయ ముదరకముందే దూస్తున్నారు, కొమ్మలు నరుకుతున్నారు. ముదరని గింజ మొలవదు. కొత్త మొక్కలు రాక చాలా అడవుల్లో ఆ చెట్టు పలచబడిపోతోంది. మా అధ్యాపకులు బోర్డు మీద రాసిన పాఠమంతా, ముసలాయన మూడు ముక్కల్లో చెప్పిందే కదా అనిపించింది.

మా ఇంట్లోనూ ఇటువంటి ఆచారం ఒకటుంది. గూడెం నుంచి మాకొచ్చిందో, మా ఇంట్లోనే పుట్టిందో మా నాయనమ్మకే తెలియదు. గట్టు మీది చిన్నరసం చెట్టు తొలి పండు ఇంటిల్లిపాదీ కూర్చున్నాకే తినాలి. ఒక్కరు తక్కువైనా గడ్డిలో దాచిపెట్టి ఎదురుచూడాలి.

ఎదురుచూడటం మా ఇంట్లో తిండికే కాదు, వినోదానికీ ఉండేది. మాకు పెద్ద వినోదం శ్రీరామనవమి. అన్నిసార్లూ కల్యాణానికి భద్రాచలం పోవటం కుదరదు. మిథిలా స్టేడియం ఆ రోజు మనుషులతో నిండిపోతుంది. తాత పొద్దున్నే ట్రాన్సిస్టరు తుడిచి అరుగు మీద పెట్టేవాడు. టీవీ వచ్చాక కూడా బొమ్మ టీవీలో, మాట రేడియోలో! టీవీ గొంతు నొక్కేసేవాడు. ఎవరు వ్యాఖ్యానం చెప్పినా, "ఉషశ్రీ గారు చెప్తుంటే సీతమ్మ తల వంచుకోవటం కనపడేదిరా" అని నిట్టూర్చేవాడు. ఉషశ్రీ గారు 1990లోనే పోయారు. తాత చెవుల్లో మాత్రం పోలేదు. మధ్యాహ్నం అభిజిల్లగ్నానికి జీలకర్ర బెల్లం పెట్టారని వినపడగానే, నాయనమ్మ పసుపు బియ్యం తెచ్చి రేడియో మీద చల్లేది. ఆ గింజలు సందుల్లో దూరి, ఏడాది పొడవునా వార్తలు వింటుంటే లోపల గలగలమనేవి. తర్వాత పానకం, వడపప్పు. సాయంత్రం "అందాల రాముడు" వేస్తే అదృష్టమే. రాజమండ్రి నుంచి భద్రాచలం వచ్చే ఆ లాంచీలో మేమంతా ఎక్కినట్టే ఉండేది. 1973లో విడుదలైనప్పుడు కొత్తగూడెంలో ఎడ్లబండి కట్టుకుపోయి చూసిన కథ తాత మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాడు. 2020లో కరోనా వల్ల భక్తులు లేకుండా కల్యాణం జరిపినప్పుడు, "స్వామికి కూడా ఈ యేడు రేడియో పెళ్ళే" అన్నాడు. తాత పోయి మూడేళ్ళవుతోంది.

ఇప్పుడు నేనుండేది హనుమకొండలో, హాస్టల్లో. ఇక్కడ దేనికీ ఎదురుచూడక్కర్లేదు. సినిమా, పాట, ఆట అన్నీ అరచేతిలోనే. మామిడిపండ్ల రసం ఏడాది పొడవునా సీసాలో దొరుకుతుంది. బాగానే ఉంటుంది, కాదనను.

పోయిన మే నెల మొదట్లో నాయనమ్మ ఫోన్ చేయించింది. "చెట్టు పండింది అయ్యా, ఎప్పుడొస్తవు?" అంది. "ప్రాక్టికల్స్ ఉన్నయి నాయనమ్మా" అన్నాను. అబద్ధం. ఆ ఆదివారం మిత్రులమంతా కలిసి క్రికెట్ చూద్దామనుకున్నాం, చూశాం కూడా. ఎవరు గెలిచారో ఇప్పుడు గుర్తు లేదు. మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి నిజంగానే పరీక్షలు. "మీరు తినండి, నా కోసం ఆగకండి" అని పెద్దమనిషిలా చెప్పాను.

మహబూబాబాదు, ఇల్లందు మీదుగా బస్సులు మారి నేను ఇల్లు చేరేసరికి మృగశిర కార్తె వచ్చేసింది. తొలి వానలు పడ్డాయి. చెట్టు మీద ఆకులే ఉన్నాయి. నాయనమ్మ గడ్డిలోంచి ఒక్క పండు తీసుకొచ్చింది. తొక్క ముడతలు పడి, ముచ్చిక దగ్గర నల్లబడింది.

"ఇంకా ఉంచావా?" అన్నాను.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచే అంది: "మా అందరికీ పెట్టింది. ఈ యేడు ఆమె ఒక్క పండు ముట్టలేదు."

నాకు మాట రాలేదు. నాయనమ్మే కసిరింది. "పళ్ళూడినదానికి మామిడిపండెందుకు?"

"రసానికి పళ్ళెందుకు నాయనమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. పండు మెత్తగా పిసికి ముందు నాకిచ్చింది. నేను ఆమె చేతిలోనే పెట్టాను. కాసేపు నువ్వంటే నువ్వనుకుని, చివరికి ఆమె రెండు గుక్కలు, నేను రెండు గుక్కలు. పండు ఒక పక్క పులిసిపోయింది. ఆ సంగతి ఆమె అనలేదు, నేనూ అనలేదు. ప్రాక్టికల్స్ ఎలా జరిగాయని మాత్రం అడిగింది. అప్పుడు నిజం చెప్పాను. "ఎవరు గెలిచిన్రు?" అంది. "గుర్తు లేదు" అన్నాను. "గుర్తుంచుకోలేనిదానికా ఆగిపోయినవు!" అని టెంక తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఆ టెంక పాతింది. మొలిచింది కూడా. టెంక మామిడి తల్లి చెట్టు లాగే కాస్తుందన్న నమ్మకం లేదనీ, కాపుకు రావటానికి ఏళ్ళు పడుతుందనీ నేను శాస్త్రం చెప్పబోయాను. "పట్టనీ, తొందరేముంది?" అంది.

మిత్రులారా, వేసవిలో మా ఊరు రండి. తునికిపళ్ళు, మొర్రిపళ్ళు కడుపునిండా పెట్టిస్తాను. మామిడిపండు మాత్రం అందరూ వచ్చేదాకా ఆగి తినాలి. ఈ యేడు నేను ముందుగానే వెళ్ళి కూర్చుంటాను.