పోయిన ఆదివారం ఫోటో గురించి ఒక దిద్దుబాటు



పోయిన ఆదివారం హాజీ అలీ రాళ్ల దగ్గర తీసిన ఒక చిన్న చేప ఫోటో ఇక్కడ పెట్టి, కింద "క్లౌన్ చేప" అని రాశాము. అది తప్పు. ఇంకో సంగతి అప్పుడు రాయలేదు. ఆ చేప ఆ రాత్రే చచ్చిపోయింది.

ఓహోటి సమయం చూసుకుని, నాగ్‌పాడా నుంచి తాడ్‌దేవ్ మీదుగా పిల్లలతో నడిచి వెళ్లాము. నీళ్లు వెనక్కి పోయి రాళ్ల మధ్య మడుగులు మిగిలాయి. ఒక మడుగులో బొటనవేలంత చేప, ఒంటి మీద నల్ల పట్టీలు. మా మనవడు దాన్ని ప్లాస్టిక్ సీసాలో పట్టాడు. దుకాణాల్లో అమ్మే రకమే కదా, బతుకుతుందిలే అని మేమూ సరే అన్నాము. ఇంటికొచ్చి కుళాయి నీళ్లలో వేశాము. సముద్రపు చేప అందులో ఎలా బతుకుతుంది?

మన పెద్దలు చెరువుల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. కొర్రమీను, జెల్ల మనకు తెలుసు. బజారులో పాప్లెట్, సుర్మయి కూడా గుర్తుపడతాము. కూరకు రాని చేపకు మా దగ్గర పేరు లేదు. అందుకే సినిమాలో విన్న పేరు పెట్టేశాము.

తర్వాత ఫోటోను పెద్దది చేసి మనవడూ మేమూ పట్టీలు లెక్కపెట్టాము. క్లౌన్ చేప నారింజ రంగులో ఉంటుంది, దాని పట్టీలు తెల్లనివి, అది సీ అనిమోనీల మధ్య ఉంటుంది. మనది లేత బూడిద రంగు, నల్ల పట్టీలు ఆరు, తోక కొసలు గుండ్రం. ఇది బెంగాల్ సార్జెంట్, శాస్త్రీయ నామం అబుడెఫ్‌డఫ్ బెంగాలెన్సిస్. దీని దగ్గరి చుట్టానికి పట్టీలు ఐదే, వీపు మీద పసుపు ఉంటుంది. హవల్దారు చేతి మీది పట్టీల్లాంటివి ఉన్నాయని వీటికి సార్జెంట్ అని పేరు. పేరులో బెంగాల్ ఉన్నా, పర్షియన్ గల్ఫ్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఒడ్డు దగ్గరి రాళ్లలో, పగడపు దిబ్బల్లో ఉంటుంది. గుడ్లను రాతికి అంటిస్తే, మగచేప కాపలా కాస్తుంది.

అంటే ఆ రాళ్లే దాని ఇల్లు. అక్కడ పగడాలు కూడా ఉన్నాయి. కోస్టల్ రోడ్డు కోసం 2020లో హాజీ అలీ, వర్లీ దగ్గర కొన్నింటిని శాస్త్రవేత్తలు జాగ్రత్తగా తీసి వేరేచోట నాటారు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. మా సీసాలోని చేపకు మేమే దిక్కు, మేము పేరు కూడా సరిగ్గా తెలుసుకోలేదు.

నిన్న మళ్లీ వెళ్లాము. మనవడే సీసా వద్దన్నాడు. ఇంకో మడుగులో అలాంటివే రెండు కనిపించాయి. వంగి పట్టీలు లెక్కపెట్టి, భర్తీ మొదలవగానే వచ్చేశాము.

ఈసారి ఓహోటికి పిల్లల్ని తీసుకుని మీరూ రండి. జారని చెప్పులు వేసుకోండి, సీసాలు మాత్రం తేకండి.