సీమ రాళ్లలో నీటి జాడ

సినిమాల్లో చూపించే సీమలో సుమోలు, దుమ్ము, కొండరాళ్లు తప్ప ఇంకేం కనపడవు. ఆ రాళ్లను నీరు ఎలా కోసిందో తెలియాలంటే బెలుం గుహలు, గండికోట చూడాలి. ఒకటి పాత కర్నూలు జిల్లాలో (2022 నుంచి అది నంద్యాల జిల్లా), మరొకటి కడప జిల్లాలో. పొద్దున్నే ఉగ్గాని-బజ్జీ తిని బయల్దేరితే సాయంత్రానికి రెండూ చుట్టేయొచ్చు.

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం చేరగానే మొదట కాస్త నిరాశే! గుహలంటే కొండలో ఉంటాయనుకుంటాం. ఇక్కడేమో చదునైన నేల, మధ్యలో బావిలాంటి గొయ్యి. మెట్లు దిగితే కానీ అసలు సంగతి తెలియదు. నేలలోకి ఇంకిన నీరు సున్నపురాయిని లక్షల ఏళ్లపాటు కరిగించుకుంటూ దారి చేసుకుంది. అలా ఏర్పడిన సొరంగాల పొడవు 3,229 మీటర్లు. సందర్శకులను ఒకటిన్నర కిలోమీటరు దాకా అనుమతిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. ఊళ్లోవాళ్లు చెత్త పడేసేవారట! 1980లలో జర్మన్ బృందం వచ్చి కొలతలు తీసింది. 2002లో పర్యాటకులకు తలుపులు తెరిచారు.

లోపల ఉక్కపోత ఎక్కువ, చెమటలు కారిపోతాయి. అయినా సగంలో వెనక్కి రాకండి. అన్నిటికన్నా లోతున పాతాళగంగ ఉంది. సన్నటి నీటిపాయ రాళ్ల మధ్య పారి, కళ్లముందే భూమిలోకి మాయమైపోతుంది. పైన గుక్కెడు నీళ్ల కోసం బోర్లు వేయించే నేల, కింద ఈ గలగలలు!

బెలుంలో భూమి లోపల జరిగింది గండికోటలో ఆకాశం కింద జరిగింది. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసేసింది. ఆ గండి వల్లే ఊరికా పేరు. సుమారు 300 అడుగుల లోతున నది, రెండువైపులా పేర్చినట్టున్న ఎర్రబండలు. మూడువైపులా కొండలు, లోయ కాపలా కాస్తుంటే కోటకు వేరే కందకమెందుకు? విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచే ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆయన్ను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. ఇప్పుడు మాధవరాయస్వామి గుడి గోపురం, జామా మసీదు, రాతి ధాన్యాగారం మిగిలాయి. ధాన్యాగారం చూడకుండా రాకండి. కరువు తెలిసినవాళ్లు కట్టిందది.

కోటకు ఎగువన పెన్నపై గండికోట జలాశయం ఉంది. సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు గాలేరు-నగరి కాలువలో, అవుకు మీదుగా ఇక్కడికి వస్తాయి. సీమ తరతరాలుగా అడిగిన నీళ్లివి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు మునిగింది. జనం సామాన్లు సర్దుకుని పునరావాస కాలనీలకు వెళ్లారు. నిండిన జలాశయాన్ని చూసి సంబరపడే ముందు, దాని అడుగున ఇళ్లు, వీధులు, గుడులు ఉన్న సంగతి కూడా పిల్లలకు చెప్పండి.

ఎండాకాలం వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య బాగుంటుంది. రైల్లో వచ్చేవారు ముద్దనూరులో దిగి జమ్మలమడుగు మీదుగా కోట చేరొచ్చు. లోయ అంచున బండలపై ఫొటోలు దిగేటప్పుడు మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు.