ఫొటోలో అమ్మ ఏది?

మా అమ్మ పోయినప్పుడు దండ వేయడానికి ఒక్క మంచి ఫొటో కోసం ఇల్లంతా వెతికాం. బారసాలలు, పుట్టినరోజులు... అన్నిట్లోనూ మేమే! నా పెళ్ళి ఫొటోల్లో అమ్మ తల వంచుకునే ఉంది. చివరికి ఓటరు కార్డులోదే పెద్దది చేయించాం. అందులో అమ్మ అమ్మలా లేదు.

మీ ఇంట్లోనూ అంతే కదూ? ఫొటో అనగానే "మీరు కానివ్వండి, పొయ్యి మీద కూరుంది" అంటాం. లేదా "చీర నలిగింది" అని తప్పుకుంటాం.

ఇకమీదట తప్పుకోకండి. ఆవకాయ కలుపుతున్నప్పుడో, పాపకి జడ వేస్తున్నప్పుడో తీయమనండి. కిటికీ వెలుగు మొహం మీద పడితే చాలు, ఫ్లాష్ అక్కర్లేదు. సెల్‌ఫోన్లోనే వదిలేయక నాలుగు ప్రింట్లు వేయించండి. వెనకాల మెత్తని పెన్సిల్‌తో పేర్లు, సంవత్సరం రాయండి. నేరుగా ఎండ తగిలే చోట పెడితే రంగులు వెలిసిపోతాయి. చెమ్మ గోడకి తగిలిస్తే బూజు పడుతుంది.

ఇప్పుడు మా హాల్లో నేను ఆవకాయ కలుపుతున్న ఫొటో ఉంది. నుదుట చెమట, చేతినిండా కారం. "ఇదేం ఫొటో?" అని మావారు నవ్వారు. మా అమ్మాయి మాత్రం తనకీ ఓ కాపీ వేయించుకుని అత్తారింటికి పట్టుకెళ్ళింది.