చెప్పుల కాపలా

మా బడిలో చివరి పీరియడ్ ఆటలది. గంట కొట్టగానే పిల్లలు చెప్పులు వేపచెట్టు కింద విడిచి మైదానంలోకి పరుగెత్తేవాళ్లు. ఆ చెప్పుల దగ్గర ఒక్కడు కూర్చునేవాడు. కుక్కలు ఎత్తుకుపోకుండా చూడటం వాడి పని. ఆ పని వాడికి అప్పగించింది నేనే. ఒకరోజు కాదు, రెండేళ్లు.

వాడి కుడిచెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుని ఛాతీకి ఆనుకుని ఉంటుంది. కుడికాలి మడమ నేలకు ఆనదు, మునివేళ్ల మీద నడుస్తాడు. మాట కొంచెం ముద్దగా వస్తుంది. కోయలో మాట్లాడితే నాకు ప్రతి మాటా తెలుస్తుంది. తెలుగులో అడిగితే సగంలో ఆగిపోతాడు. బడి చూడటానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆ ఆగిపోవడం చూసి, బుద్ధిమాంద్యం అని కాగితంలో రాసుకుని వెళ్లాడు. అప్పటికి మూడో తరగతిలో ఎక్కాలు తప్పు లేకుండా చెప్పేది వాడొక్కడే.

నేను కోయదాన్ని. డి.ఎడ్. చదివేటప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి మాకూ పాఠం ఉండేది. సెరిబ్రల్ పాల్సీ అంటే మస్తిష్క పక్షవాతం, కారణాలు ఇన్ని, లక్షణాలు ఇన్ని అని కంఠతా పట్టి రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. తీరా అది నా ఎదుటికి మునివేళ్ల మీద నడిచి వస్తే, చెప్పుల దగ్గర కూర్చోబెట్టాను. పడిపోతాడేమో, దెబ్బ తగిలితే వాళ్లమ్మకు ఏం చెప్పాలి అని నా భయం. జాలి కూడా ఉంది. ఆ జాలి వాడికేమీ పనికిరాలేదు.

వాడు పుట్టిన రాత్రి సంగతి వాళ్లమ్మ చెప్పింది. వానాకాలం. వాగు పొంగింది. డోలీలో మోసుకొచ్చి ఒడ్డున దించి, నీళ్లు తగ్గేదాకా కాచుకున్నారు. అక్కడే కాన్పయింది. బిడ్డ పుట్టగానే ఏడవలేదు. ఎంతసేపటికి ఏడ్చాడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పుట్టక ముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో ఎదిగే మెదడుకు దెబ్బ తగిలితే ఇలా అవుతుంది. ప్రాణవాయువు అందకపోవడం ఒక కారణం. నెలలు నిండకపోవడం, బాగా ముదిరిన పచ్చకామెర్లు, మెదడుకు సోకే జబ్బులు కూడా కారణాలే. ఫలానా బిడ్డకు ఫలానా కారణమని చాలాసార్లు డాక్టర్లే తేల్చలేరు. అంటుకునేది కాదు. మెదడులో అయిన దెబ్బ తర్వాత పెరగదు. కానీ వ్యాయామం లేకపోతే కండరాలు ఏటేటా బిగుసుకుంటాయి. వడ్డె పూజ చేశాడు. పట్నం డాక్టరు బలం మందు రాశాడు. ఇద్దరిలో ఒక్కరూ ఆ కాలికి వ్యాయామం చెప్పలేదు.

నా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ చదువుతున్నాడు. కిందటేడు దసరాకు వచ్చినప్పుడు వాణ్ణి బడికి తీసుకెళ్లాను. చెప్పుల దగ్గరున్న పిల్లాణ్ణి చూసి ఏమీ అనలేదు. రాత్రి అన్నం తిన్నాక ఫోన్ నా ముందు పెట్టి, "అత్తా, ఈ ఆట చూడు" అన్నాడు. 2016లో బ్రెజిల్‌లోని రియోలో పారాలింపిక్స్ జరిగాయి కదా, అందులో సెవెన్-ఎ-సైడ్ ఫుట్‌బాల్ ఫైనల్. ఉక్రెయిన్‌కు, ఇరాన్‌కు మధ్య. ఉక్రెయిన్ 2-1తో గెలిచింది. నాకు గోల్స్ సరిగా గుర్తులేవు. చేతులు గుర్తున్నాయి. మోచేతి దగ్గర ముడుచుకుని ఛాతీకి ఆనిన చేతులు. ఒకరి మడమ నేలకు ఆనడం లేదు. ఆ కాలి మీదే ఒరిగి, రెండో కాలితో బంతిని తన్నుతున్నాడు. స్టేడియంలో జనం లేచి అరుస్తున్నారు.

"వీళ్లందరూ మీ చెప్పుల కాపలావాడి లాంటోళ్లే అత్తా" అన్నాడు మావాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత నాలుగు రోజులూ వాణ్ణి ప్రశ్నలతో చంపాను. ఈ ఆటకు జట్టుకు ఏడుగురు. పెద్ద మైదానం అక్కర్లేదు, 70 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. గోలు కూడా చిన్నది, 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. ఆఫ్‌సైడ్ లేదు. ఆట 30 నిమిషాల చొప్పున రెండు సగాలు. బంతి గీత దాటితే రెండు చేతులతో తలమీంచి విసరాలన్న పట్టింపు లేదు, ఒక చేత్తో నేలమీద దొర్లించినా సరే. రెండో చెయ్యి లేవని వాళ్లను తలచుకుని రాసిన నియమం అది. పుట్టుకతో వచ్చిన వాళ్లే కాదు, తలకు దెబ్బ తగిలి, పక్షవాతం వచ్చి కాళ్లూచేతులూ మాట విననివాళ్లు కూడా ఆడొచ్చు. అయితే నడవగలగాలి, పరుగెత్తగలగాలి.

ఆటగాళ్లను మూడు తరగతులుగా చూస్తారు. ఎఫ్‌టీ-1 అంటే వైకల్యం ఎక్కువున్నవాళ్లు, ఎఫ్‌టీ-2 నడిమి వాళ్లు, ఎఫ్‌టీ-3 అంటే తక్కువున్నవాళ్లు. అంతకుముందు నాలుగు తరగతులుండేవి, 2018 నుంచి ఇలా మార్చారు. ఇక్కడే నేను ఆగిపోయాను. మైదానంలో ఎప్పుడు చూసినా కనీసం ఒక ఎఫ్‌టీ-1 ఆటగాడు ఉండి తీరాలి. ఎఫ్‌టీ-3 వాళ్లు ఒకరికి మించి ఉండకూడదు. ఎఫ్‌టీ-1 ఆటగాడు లేకపోతే ఆ జట్టు ఆరుగురితోనే ఆడుకోవాలి.

ఈ నియమం రాసిన వాళ్లకు మనుషులు బాగా తెలుసు. గెలవాలనుకున్న ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? బాగా పరుగెత్తే వాళ్లను ఏడుగురిని దించుతాడు, కష్టంగా నడిచేవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతాడు. నేను చెప్పుల దగ్గర కూర్చోబెట్టినట్టు. జాలిపడి ఆడించండి అని ఈ నియమం బతిమాలుకోదు. వాడు లేకపోతే మీకు ఒకడు తక్కువ అంటుంది. దాంతో కోచ్ వాడికి నేర్పుతాడు, వాడి బలం ఎక్కడుందో వెతుకుతాడు.

ఇంత మంచి ఆట ఇప్పుడు పారాలింపిక్స్‌లో లేదు. ఆ సంగతి మావాడు చివర్లో చెప్పాడు.

1978లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో అంతర్జాతీయ పోటీగా మొదలైన ఆట, 1984లో పారాలింపిక్స్‌లోకి వచ్చింది. 2016 దాకా తొమ్మిదిసార్లు ఆడారు. మొదటిసారి బెల్జియం గెలిచింది, తర్వాత మూడుసార్లు నెదర్లాండ్స్. 2000 నుంచి 2016 దాకా ఐదుసార్లూ రష్యా, ఉక్రెయిన్‌లే. 2015 జనవరిలో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ టోక్యో ఆటల జాబితా ప్రకటించింది. అందులో ఈ ఆట లేదు. తగినన్ని దేశాల్లో ఆడటం లేదన్నది కారణం. అంటే రియోలో ఆడిన వాళ్లందరికీ ఇదే ఆఖరని ఏడాదిన్నర ముందే తెలుసు. తెలిసీ అలా పరుగెత్తారు. 2024 పారిస్ ఆటల్లోకి తిరిగి రావడానికి ప్రయత్నించారు, చోటు దొరకలేదు.

ఈ ఆటను చూసుకునే అంతర్జాతీయ సమాఖ్య, ఐఎఫ్‌సీపీఎఫ్, విడిగా నిలబడింది కూడా 2015 జనవరిలోనే. పుట్టిన నెలలోనే చోటు పోయిన సంస్థ. అప్పటినుంచి దాని పనంతా కొత్త దేశాలను వెతకడం, కోచ్‌లకూ రిఫరీలకూ నేర్పడం, పోటీలు పెట్టడం. 2022లో స్పెయిన్‌లోని సలోలో మొదటిసారి ఆడవాళ్ల ప్రపంచకప్ పెట్టారు. వచ్చినవి ఐదు జట్లే. ఫైనల్లో అమెరికా ఆస్ట్రేలియాను ఓడించింది. ఐదు జట్లతో ప్రపంచకప్పా అని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. నాకు మాత్రం, ఇరవై మంది వచ్చేదాకా బడి తెరవం అనకుండా ఐదుగురితో తెరిచిన టీచరు కనిపించింది.

పారాలింపిక్ కమిటీ మాటలో న్యాయం లేదని నేననను. ఎప్పుడూ అవే కొన్ని దేశాలు ఆడుకుంటుంటే ప్రపంచ పోటీ అని ఎలా అంటారు? కానీ ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఎందుకో ఈ పుస్తకం చదివే మీకు విడమరిచి చెప్పాలా? సంఖ్య చాలదని పక్క గూడెంలో బడి ఎత్తేశారు. సంఖ్య చాలదని మా వాగుకు వంతెన రాలేదు. సంఖ్య చాలదని మన భాషలో పాఠం ఉండదు. ఆ సంఖ్య ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడిదాకా వచ్చి లెక్కపెట్టారు అని ఎవరూ అడగరు. 2011 జనగణనలో దేశంలో వికలాంగులు 2.68 కోట్లని తేలింది. అందులో సెరిబ్రల్ పాల్సీకి విడిగా ఒక గడి లేదు. మావాడి లాంటి పిల్లలు నడకలో లోపం గడిలోనో, మరో గడిలోనో కలిసిపోయారు. కొందరు ఏ గడిలోనూ పడి ఉండరు. 2016 చట్టం వచ్చాక జాబితాలో దాని పేరు విడిగా కనిపిస్తోంది. కానీ సదరం క్యాంపుకు వెళ్లి, 40 శాతమో ఆపైనో అని రాయించుకుంటేనే పింఛను లెక్కలోకి వస్తారు. ఆ క్యాంపు మా గూడేనికి రెండు బస్సుల దూరం.

ఒంటరిగా ఆడే ఆటలకు ఈ బాధ కొంత తక్కువ. 2024 పారిస్‌లో ఉత్తరప్రదేశ్ అమ్మాయి ప్రీతి పాల్ 100 మీటర్లలో, 200 మీటర్లలో కాంస్యాలు తెచ్చింది. ఆమె పరుగెత్తిన టీ-35 విభాగం ఇలా కండరాలు అదుపు తప్పేవాళ్లదే. మన వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి మేధోపరమైన వైకల్యం విభాగంలో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. ఒక్క పిల్ల, ఒక్క కోచ్, ఒక్క ఇల్లు గట్టిగా పట్టుకుంటే పారిస్ దాకా పోవచ్చు. జట్టు ఆట అలా కాదు. ఏడుగురు ఒకచోట దొరకాలి, బదులు ఆడేవాళ్లు కావాలి, ఎదుటి జట్టు కావాలి. ఎవరు ఏ తరగతో తేల్చే నిపుణులు కావాలి. వాళ్లు ముందు కండరాలను, కీళ్లను పరీక్షించి చూస్తారు, తర్వాత మైదానంలో ఆట చూసి నిర్ధారిస్తారు. ఇవేవీ లేని దేశం జట్టు పంపదు. జట్లు రాకపోతే ఆటకు చోటు లేదు. చోటు లేని ఆటకు ప్రభుత్వాలు డబ్బివ్వవు. ఈ గిరగిర ఎక్కడో ఒకచోట ఆగాలి. ఎక్కడో నాకు తెలియదుగానీ, మొదటి పిల్లవాడు కనిపించేది మాత్రం బడిలోనే.

సెలవులు అయ్యాక మండల కేంద్రంలోని భవిత సెంటర్‌కు వాణ్ణి తీసుకెళ్లాను. వారానికొకసారి వచ్చే ఫిజియోథెరపిస్టు కాలు చూసి, మడమ సాగదీసే వ్యాయామాలు నేర్పింది. మూర్ఛ వస్తుందా అని ముందే అడిగింది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి మూర్ఛ ఉంటుందట. టీచర్లు ఆటకు దించే ముందు ఈ ప్రశ్న మరచిపోవద్దు. వాడికి లేదు.

బడిలో ఒక బంతి కొన్నాను. జట్టుకు ఐదుగురు, సగం మైదానం. ఒక్క నియమం పెట్టాను: సరిగా పరుగెత్తలేని వాళ్లు ఒకరు జట్టులో ఉండాలి, లేకపోతే నలుగురితోనే ఆడాలి.

మొదటి రోజే గొడవ. రెండు జట్ల నాయకులూ వాడి కోసం కొట్టుకున్నారు. రెండేళ్లు ఒక్కడూ పిలవని పిల్లాడి చొక్కా ఇటొకడు అటొకడు పట్టుకుని లాగుతున్నారు. వాడు నోరు తెరిచి నావైపు చూశాడు. చివరికి మొదటి సగం ఒక జట్టుకు, రెండో సగం ఇంకో జట్టుకు ఆడాడు. మూడో రోజు, వంకర పాదంతో పుట్టిన నాలుగో తరగతి పిల్ల, ఆటలంటే ఎప్పుడూ లోపలే కూర్చునేది, బయటికి వచ్చి నా కొంగు పట్టుకుంది. "మేడం, నేను లెక్కకొస్తానా?"

అంతా సాఫీగా సాగలేదు. నెల తిరక్కుండా వాడు పడి పెదవి చిట్లింది. వాళ్లమ్మ బడికి వచ్చింది. "అక్కా, నువ్వు మనదానివని నమ్మి పంపితే ఇదా? రేపు వాడు మంచాన పడితే నువ్వు మోస్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు వాడు బడికి రాలేదు. మూడో రోజు తనే వచ్చాడు. వెనకాలే వాళ్లమ్మ కూడా వచ్చి వేపచెట్టు కింద కూర్చుని ఆట చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు వాడి కుడికాలి చెప్పు జారకుండా పాత చీరపేలికతో కట్టి పంపింది.

వాడు అంతర్జాతీయ ఆటగాడు అవుతాడని నేను చెప్పడం లేదు. ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా. మండలంలోని టీచర్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను, మీ ఊళ్లో ఇలాంటి పిల్లలున్నారా అని. ఇద్దరే జవాబిచ్చారు, లేరని. తర్వాత సంతలో, ఆశా కార్యకర్తల దగ్గర, పోడుకు వెళ్లే దారుల్లో నోటిమాటగా అడిగితే నలుగురు తేలారు. అందులో ఇద్దరు పరుగెత్తగలరు. ఒకడు కర్ర పట్టుకుని నడుస్తాడు. నడిచే ఫ్రేముతో ఆడే ఫుట్‌బాల్ కూడా కొన్ని దేశాల్లో ఉందని మావాడు చెప్పాడు, కానీ ఆ ఫ్రేమే ఇంకా మాకు రాలేదు. నాలుగోవాడు కూర్చోలేడు. వాడికి ఈ ఆట కాదు. వాళ్ల నాన్నతో ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు తాగి వచ్చేశాను.

ఐదో తరగతికి వచ్చిన మావాడు మొన్న ఫోన్‌లో ఆ రియో ఆట మళ్లీ చూపించమన్నాడు. ఒక జట్టును వేలితో లెక్కపెట్టాడు, ఏడుగురు. తర్వాత కోయలో అడిగాడు, మిగతావాళ్లు ఏరీ అని.

వాగు అవతలి గూడెంలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి ఉందని, ఇల్లు దాటి బయటికి తేరని ఆశా కార్యకర్త చెప్పింది. ఈ ఆదివారం వెళ్తున్నాం. వాడూ వస్తానన్నాడు. బంతి వాడే పట్టుకుంటాడట, ఎడమచేత్తో.